సిన్ స్టేషన్ల సంగతి: అమెరికా తొలి స్పానిష్ టీవీ నెట్‌వర్క్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ అని ఒక టీవీ నెట్‌వర్క్ ఉండేది. పొట్టిగా సిన్ అనేవాళ్ళు. 1960ల మొదట్లో పుట్టింది. 1987 జనవరి నుంచి ఆ పేరు లేదు. దాని కార్యక్రమాలు వేసిన ఊరూరి స్టేషన్లు మాత్రం చాలావరకు ఇప్పటికీ అదే నంబరు మీద నడుస్తున్నాయి. నెట్‌వర్క్ పోయాక స్టేషన్ ఎలా మిగులుతుందని అడిగేవాళ్ళే ఎక్కువ. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

నెట్‌వర్క్, స్టేషన్ రెండూ ఒకటే కదా?

కాదు. మనకు ఈ తేడా వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. మన దేశంలో టవర్ నుంచి గాల్లోకి టీవీ సిగ్నల్ వదలడం దూరదర్శన్ సొంత వ్యవహారం. ప్రైవేటు వాళ్ళకు ఆ దారి ఇవ్వలేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినప్పుడు అవి ఉపగ్రహం నుంచి దిగి, కేబుల్ అబ్బాయి లాగిన వైరు పట్టుకుని మన ఇళ్ళకు చేరాయి. ఛానల్ అంటే మనకు ఒకే సంస్థ, ఒకే ప్రసారం. విజయవాడ స్టేషన్‌కు ఒక ఓనరు, వరంగల్ స్టేషన్‌కు ఇంకో ఓనరు, ఇద్దరూ హైదరాబాద్ నుంచి సీరియళ్ళు తెచ్చుకుని వేసుకోవడం, మధ్యలో తమ ఊరి వార్తలు తాము చదువుకోవడం లాంటి ఏర్పాటు మనం చూడలేదు.

అమెరికాలో టీవీ అలాగే పెరిగింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో స్టేషన్. దానికి ఒక టవర్, ఒక ఛానల్ నంబరు, ఎఫ్‌సీసీ అనే కేంద్ర సంస్థ ఇచ్చిన లైసెన్సు, ఒక యజమాని. నెట్‌వర్క్ కార్యక్రమాలు తీసో కొనో ఈ స్టేషన్లకు ఇస్తుంది. అలా ఒప్పందం మీద తీసుకునే స్టేషన్‌ను అఫిలియేట్ అంటారు.

మన సినిమా వ్యాపారంతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. నెట్‌వర్క్ డిస్ట్రిబ్యూటర్ లాంటిది, స్టేషన్ హాలు లాంటిది. డిస్ట్రిబ్యూటర్ దివాలా తీస్తే హాలు కూలిపోదు, శుక్రవారం నుంచి ఇంకొకరి బొమ్మ పడుతుంది. పెద్ద నిర్మాతలు హాళ్ళను లీజుకు తీసుకున్నట్టే నెట్‌వర్కులు కూడా పెద్ద ఊళ్ళలో కొన్ని స్టేషన్లు సొంతంగా పెట్టుకుంటాయి. సిన్ విషయంలో ఈ సొంతం, అఫిలియేట్ అనే గీత ఎక్కడుందో తేల్చడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. అది తర్వాత చెబుతాను.

సిన్ ఎలా మొదలైంది?

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. అక్కడ రౌల్ కోర్టెజ్ అనే ఆయన 1946లోనే స్పానిష్ రేడియో స్టేషన్ పెట్టాడు. 1955 జూన్‌లో టీవీ స్టేషన్ కూడా పెట్టాడు. పేరు కేసీఓఆర్, ఛానల్ 41. అమెరికాలో పూర్తిగా స్పానిష్ వాళ్ళ కోసమే నడిచిన మొదటి టీవీ స్టేషన్ అదే. పేరొచ్చింది గానీ డబ్బు రాలేదు. పెద్ద కంపెనీలకు స్పానిష్ మాట్లాడేవాళ్ళు కూడా సబ్బులూ కార్లూ కొంటారన్న నమ్మకం లేదు. 1961లో కోర్టెజ్ స్టేషన్ అమ్మేశాడు.

కొన్న బృందంలో కోర్టెజ్ అల్లుడు ఎమిలియో నికొలాస్ ఉన్నాడు. ఆయనతో పాటు మెక్సికో టీవీకి మకుటం లేని మహారాజు ఎమిలియో అస్కరాగ విదావుర్రెతా, ఆయన దగ్గర పనిచేసిన అమెరికన్ రెనే ఆన్సెల్మో, లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ సినిమా హాళ్ళు నడిపే ఫ్రాంక్ ఫౌసే ఉన్నారు. అస్కరాగ ముందు తన మెక్సికన్ కార్యక్రమాలను అమెరికా పెద్ద నెట్‌వర్కులకే అమ్మజూశాడని, వాళ్ళు వద్దన్నారని చెబుతారు. వద్దంటే సొంత దుకాణం పెట్టుకున్నాడు.

శాన్ ఆంటోనియో స్టేషన్ పేరు కేడబ్ల్యూఈఎక్స్ అయింది. అస్కరాగ 1930లో మెక్సికో సిటీలో పెట్టిన ప్రసిద్ధ రేడియో స్టేషన్ పేరు ఎక్స్‌ఈడబ్ల్యూ. టీవీ స్టేషన్ పేరులో చివరి మూడక్షరాలు తిరగేసి చదివి చూడండి. 1962 సెప్టెంబర్ 30న లాస్ ఏంజెలెస్‌లో రెండోది, కేఎంఈఎక్స్, ఛానల్ 34 మీద మొదలైంది.

ఈ కే, డబ్ల్యూ అక్షరాలేమిటి?

మిసిసిపి నదికి పడమటి స్టేషన్ల పేర్లు సాధారణంగా కేతో, తూర్పువి డబ్ల్యూతో మొదలవుతాయి. మెక్సికోవి ఎక్స్‌ఈ లేదా ఎక్స్‌హెచ్‌తో. మిగతా అక్షరాలు ఓనరు ఇష్టం.

1962లో పెట్టగానే జనం చూశారా?

చూద్దామన్నా చాలామంది టీవీల్లో రాదు. అప్పటి సెట్లలో ఎక్కువ భాగం 2 నుంచి 13 వరకే పట్టేవి. ఆ నంబర్లన్నీ ఇంగ్లిష్ స్టేషన్ల చేతుల్లో ఉన్నాయి. 14 నుంచి పైన ఉన్న యూహెచ్‌ఎఫ్ ఛానళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అవి చవక, అందుకే స్పానిష్ స్టేషన్లకు దక్కాయి. 34 చూడాలంటే టీవీకి విడిగా కన్వర్టర్ పెట్టె కొనుక్కోవాలి. మామూలు కూలి డబ్బుల మీద బతికే కుటుంబాలు తమ భాష వినడానికి అదనంగా ఇంకో పెట్టె కొన్నాయి.

1962లోనే అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 1964 నుంచి తయారయ్యే ప్రతి టీవీలో యూహెచ్‌ఎఫ్ కూడా ఉండాలి. చట్టం చేసినవాళ్ళ మనసులో స్పానిష్ స్టేషన్లు ఉండి ఉండవు. కానీ దానివల్ల బాగా లాభపడినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. పాతతరం ఎన్నారైలకు వారాంతంలో ఎవరో గంట సమయం కొనుక్కుని వేసిన హిందీ పాటల కార్యక్రమాలు గుర్తుండే ఉంటాయి. వాటికి చోటిచ్చినవి కూడా ఎక్కువగా ఈ పెద్ద నంబర్ల స్టేషన్లే.

సిన్ స్టేషన్లు మొత్తం ఏవేవి?

వీటిని రెండు రకాలుగా చూడాలి. మొదటి రకం, స్పానిష్ ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్స్ కార్పొరేషన్ అనే కంపెనీ చేతిలో ఉన్నవి. శాన్ ఆంటోనియో 41, లాస్ ఏంజెలెస్ 34 గురించి చెప్పాను. 1968లో న్యూయార్క్ కోసం డబ్ల్యూఎక్స్‌టీవీ వచ్చింది. దాని లైసెన్సు మాత్రం పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని పాటర్సన్ ఊరి మీద ఉంది. మయామీలో ఉన్న 23ను 1971 ప్రాంతంలో కొని డబ్ల్యూఎల్‌టీవీ అన్నారు. 1972లో కాలిఫోర్నియా ఫ్రెస్నో లోయలో కేఎఫ్‌టీవీ, ఛానల్ 21. అది ద్రాక్ష, పత్తి తోటల్లో పనిచేసే కూలీల ప్రాంతం. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలో కేడీటీవీ. అది 60 మీద మొదలై 1979లో 14కు మారింది.

రెండో రకం వేరే యజమానులవి. ఫీనిక్స్‌లో 33, టెక్సస్ తీరాన కార్పస్ క్రిస్టిలో 28, చికాగోలో 26 ఇలాంటివి. ఇవి కాక చిన్న పవర్‌తో పక్క ఊరి సిగ్నల్‌ను మళ్ళీ వదిలే ట్రాన్స్‌లేటర్లు, కేబుల్ సంస్థలు. కేబుల్ వాళ్ళ దగ్గర సిన్ ఒక తమాషా పద్ధతి పెట్టింది. ఛానల్ ఇచ్చి డబ్బు అడగకుండా, స్పానిష్ ఇంటిపేరున్న చందాదారుల లెక్కన తానే ఎదురు డబ్బిచ్చింది. ఊరూరా టవర్ కట్టే ఖర్చుతో చూస్తే అది చాలా తక్కువ.

చికాగో గురించి ప్రత్యేకంగా ఎందుకు అడుగుతారు?

అఫిలియేట్ అంటే ఏమిటో చికాగో కథ వింటే ఇంకేమీ చదవక్కర్లేదు.

డబ్ల్యూసీఐయూ, ఛానల్ 26, 1964లో జాన్ వీగెల్ అనే ఆయన పెట్టాడు. స్టూడియో చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనంలో, అంటే గోధుమలూ మొక్కజొన్నా వేలం వేసే చోట. పగలంతా షేర్ మార్కెట్ ధరలు చదివేవాళ్ళు. సాయంత్రమైతే రకరకాల వలస భాషల కార్యక్రమాలు, అందులో పెద్ద వాటా సిన్ స్పానిష్ కార్యక్రమాలది. ఒకే ఛానల్‌లో మధ్యాహ్నం సోయాబీన్ ధర, రాత్రి మెక్సికో సీరియల్.

సిన్‌కు అది చాలలేదు. దేశంలోని పెద్ద స్పానిష్ మార్కెట్లలో ఒకటైన ఊళ్ళో పగలు కూడా కావాలి. వీగెల్ సంస్థకు షేర్ మార్కెట్ ఆదాయం వదులుకోవడం ఇష్టం లేదు. అదే సమయంలో డబ్ల్యూఎస్‌ఎన్‌ఎస్, ఛానల్ 44, డబ్బు కట్టి చూసే సినిమాల వ్యాపారం చల్లబడి కొత్త దారి వెతుక్కుంటోంది. 1985 జూలైలో అది రోజంతా సిన్ కార్యక్రమాలకు మారిపోయింది. 26కు మొండిచెయ్యి.

కథ అయిపోలేదు. సిన్ పేరు యూనివిజన్ అయ్యాక, 1989 మొదట్లో 44 పోటీ నెట్‌వర్క్ టెలిముండో వైపు దూకేసింది. యూనివిజన్ మళ్ళీ పాత 26 గుమ్మం ఎక్కింది. ఈసారి కూడా పార్ట్‌టైమే. చివరికి 1994 ఆఖర్లో యూనివిజన్ విసిగిపోయి 66ను కొనేసుకుంది. ఇన్నేళ్ళలో చికాగో ప్రేక్షకుడికి నెట్‌వర్క్ ఒకటే, నంబరు 26, 44, 26, 66. 44 ఇప్పటికీ టెలిముండో. 26 ఓనరు వీగెల్ సంస్థ పేరు ఇంకోసారి వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

సరిహద్దు అవతలి మెక్సికో స్టేషన్లు కూడా సిన్ లెక్కలోనేనా?

వ్యాపారం దృష్టిలో అవును. తిహువానాలోని ఎక్స్‌ఈడబ్ల్యూటీ ఛానల్ 12 టవర్ మెక్సికోలో ఉంది, కానీ సిగ్నల్ శాన్ డియేగో ఇళ్ళలో పడుతుంది. రేడియో తరంగాలకు పాస్‌పోర్ట్ అడిగేవాళ్ళు లేరు. అమెరికాలో ప్రకటనలు సేకరించి ఇలాంటి స్టేషన్లకు ఇవ్వడం సిన్ పనిలో ఒక భాగం.

ప్రోగ్రామ్‌లు స్టేషన్లకు ఎలా చేరేవి?

మా చిన్నప్పుడు ఒకే ప్రింటుతో రెండు హాళ్ళు నడిచేవి. ఇక్కడ మూడో రీలు ఆడుతుంటే రెండో రీలు డబ్బా సైకిల్ వెనక కట్టుకుని ఒకబ్బాయి అవతలి హాలుకు తొక్కుకుంటూ వెళ్ళేవాడు. సైకిల్ పంక్చరయితే ఇంటర్వెల్ పొడుగయ్యేది. సిన్ మొదటి పదిహేనేళ్ళు దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే సైకిల్ బదులు బస్సులు, విమానాలు. మెక్సికో నుంచి టేపు ఒక స్టేషన్‌కు వస్తుంది, వేస్తారు, తర్వాతి స్టేషన్‌కు పంపుతారు. అమెరికా టీవీ వాళ్ళు కూడా దీన్ని బైసిక్లింగ్ అనే పిలిచేవాళ్ళు, నిజంగా.

ఈ పద్ధతిలో ఆలస్యం సంగతి అలా ఉంచితే, అన్ని ఊళ్ళకు ఒకే వేళకు ఒకే ప్రకటన వేయలేరు. లైవ్ అసలే కుదరదు. 1976లో సిన్ ఉపగ్రహం మీదికి మారింది. అమెరికాలో ఉపగ్రహం ద్వారా తన స్టేషన్లను కలిపిన మొదటి బ్రాడ్‌కాస్ట్ నెట్‌వర్క్ సిన్ అని చెబుతారు. మిగతావాళ్ళు అప్పటికి టెలిఫోన్ కంపెనీ లైన్లకు అద్దె కడుతున్నారు. డబ్బున్నవాళ్ళకు పాత దారి బాగానే ఉంది. డబ్బు లేనివాడే కొత్త దారి తొక్కాడు.

ఈ ఉపగ్రహాల రుచి రెనే ఆన్సెల్మోను వదల్లేదు. 1984లో పాన్‌ఆమ్‌శాట్ అనే సొంత ఉపగ్రహ కంపెనీ పెట్టాడు. దాని మొదటి ఉపగ్రహం 1988లో ఎగిరింది. 1995లో హిందూ మహాసముద్రం మీద నిలబెట్టిన పాస్-4 ఉపగ్రహం నుంచే సోనీ, ఈఎస్‌పీఎన్ లాంటి ఛానళ్ళు మన దేశంలో దిగాయి. ఆ రోజుల్లో డాబా మీద డిష్ తిప్పిన మన కేబుల్ ఆపరేటర్లకు పాస్-4 పేరు బాగా తెలుసు. దాని వెనక ఒక స్పానిష్ టీవీ నెట్‌వర్క్ మనిషి ఉన్నాడని మాత్రం ఎవరికీ తెలిసి ఉండదు. ఆన్సెల్మో అదే ఏడు సెప్టెంబరులో చనిపోయాడు.

డబ్బు ఎవరికి ఎంత?

దేశమంతటికీ పనికొచ్చే ప్రకటనలను నెట్‌వర్క్ అమ్ముతుంది, తన కమిషన్ తీసుకుని మిగతాది స్టేషన్లకు పంచుతుంది. ఊరి ఫర్నిచర్ షాపు, పాత కార్ల వ్యాపారి ప్రకటనలు స్టేషన్ సొంతం. అసలు కష్టం ప్రేక్షకుల లెక్కల్లో ఉండేది. రేటింగ్ సంస్థలు స్పానిష్ ఇళ్ళను సరిగ్గా లెక్కించేవి కావు. లెక్కలో లేని మనిషికి ప్రకటన అమ్మడం ఎంత కష్టమో ఏ చిన్న పత్రిక నడిపినవాళ్ళనైనా అడగండి.

అన్ని ఊళ్ళలోనూ మెక్సికో కార్యక్రమాలే వేసేవారా?

ఎక్కువ భాగం అవే. టెక్సస్‌కూ కాలిఫోర్నియాకూ అవి సరిపోయాయి, అక్కడి ప్రేక్షకుల మూలాలు మెక్సికోలోనే. తూర్పు తీరంలో ఇబ్బంది. మయామీలో ఉన్నది క్యూబా వాళ్ళు, న్యూయార్క్‌లో ఉన్నది ప్యూర్టో రికో, డొమినికన్ వాళ్ళు. భాష ఒకటే అయినా యాస వేరు, తిండి వేరు, రాజకీయం మరీ వేరు. శ్రీకాకుళం మనిషికి రోజంతా చిత్తూరు యాస సీరియళ్ళు వేసినట్టు. అర్థం కాదని కాదు, మాది కాదే అనిపిస్తుంది.

అందుకని స్థానిక వార్తలు, స్థానిక కార్యక్రమాలు ఇక్కడ అలంకారం కోసం పెట్టినవి కావు, వాటితోనే జనం నిలిచారు. ఒక్కోసారి ఊళ్ళో పుట్టినదే దేశమంతా పాకింది. చిలీలో ఏళ్ళ తరబడి ఒక శనివారపు కార్యక్రమం నడిపిన డాన్ ఫ్రాన్సిస్కో 1986 ఏప్రిల్‌లో మయామీ 23లో దాన్ని మొదలుపెట్టాడు. అదే సాబాదో హిగాంతే. కొద్దికాలానికే నెట్‌వర్క్ అంతటికీ ఎక్కి 2015 సెప్టెంబర్ వరకు నడిచింది.

వార్తలు ఎలా ఉండేవి?

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పాలి.

రూబెన్ సలజార్ లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో పేరున్న విలేకరి. 1970లో పత్రికలో వారం వారం కాలమ్ మాత్రం ఉంచుకుని కేఎంఈఎక్స్‌కు న్యూస్ డైరెక్టర్‌గా వచ్చాడు. తాను ఎవరి గురించి రాస్తున్నాడో వాళ్ళ భాషలోనే వాళ్ళతో మాట్లాడాలన్నది ఆయన కోరిక. ఆ ఏడు ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెక్సికన్ అమెరికన్లు భారీ ఊరేగింపు తీశారు. పోలీసులు దాన్ని చెదరగొట్టారు. సలజార్ సిల్వర్ డాలర్ అనే బార్‌లో కూర్చుని ఉండగా షెరీఫ్ శాఖ డిప్యూటీ లోపలికి పేల్చిన టియర్ గ్యాస్ గుండు తలకు తగిలి చనిపోయాడు. వయసు 42. ఎవరి మీదా కేసు నడవలేదు. 2008లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు.

రెండో ఆయన హోర్హే రామోస్. మెక్సికోలో సెన్సార్ భరించలేక ఉద్యోగం వదిలి లాస్ ఏంజెలెస్ వచ్చాడు. కేఎంఈఎక్స్‌లో విలేకరిగా చేరాడు. సిన్‌కు 1981 నుంచి జాతీయ వార్తలు ఉన్నాయి. 1986లో యాజమాన్యం ఆ వార్తా విభాగం పైన మెక్సికోలోని టెలివిసా సంస్థ ప్రముఖ యాంకర్ హాకోబో సబ్లుదోవ్‌స్కీని కూర్చోబెట్టాలనుకుంది. మెక్సికో ప్రభుత్వానికి ఆయన మరీ దగ్గరని మయామీ న్యూస్‌రూమ్ భగ్గుమంది. న్యూస్ డైరెక్టర్ గుస్తావో గొదోయ్‌తో పాటు చాలామంది రాజీనామా చేసి వెళ్ళిపోయారు. వాళ్ళే టెలిముండోకు వార్తలు తయారుచేసే సంస్థ పెట్టుకున్నారు. సబ్లుదోవ్‌స్కీ కూడా రాలేదు. ఖాళీ అయిన కుర్చీలో 28 ఏళ్ళ రామోస్ కూర్చున్నాడు. 2024 డిసెంబర్ దాకా లేవలేదు.

మరి సిన్‌ను ముంచింది ఎవరు? నష్టాలా?

నష్టాలు కావు. చట్టం, దానికి ముందు లోపలి గొడవ.

అమెరికా చట్టం ప్రకారం విదేశీయుడికి బ్రాడ్‌కాస్ట్ లైసెన్సున్న కంపెనీలో 20 శాతానికి మించి వాటా ఉండకూడదు. నెట్‌వర్క్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దానికి ఈ పరిమితి లేదు. మొదట్లో చెప్పిన నెట్‌వర్క్, స్టేషన్ తేడా మీదే అస్కరాగ తన వ్యాపారమంతా కట్టాడు. సిన్‌లో 75 శాతం ఆయనది, 25 శాతం ఆన్సెల్మోది. స్టేషన్ల కంపెనీలో మాత్రం బుద్ధిగా 20 శాతం. కాగితం మీద అన్నీ సక్రమం. అయితే ఆన్సెల్మో నెట్‌వర్క్‌కూ అధ్యక్షుడే, స్టేషన్ల కంపెనీకీ అధ్యక్షుడే. కార్యక్రమాలన్నీ మెక్సికోలో అస్కరాగ దగ్గర నుంచే. నెట్‌వర్క్‌కు స్టేషన్లు ఎంత కమిషన్ ఇవ్వాలో బల్లకు రెండు వైపులా ఒకే మనిషి కూర్చుని తేల్చేవాడు.

1976లో ఫౌసే కొడుకు, అంటే సొంత భాగస్వామే, కోర్టుకెక్కాడు. స్టేషన్ల లాభం నెట్‌వర్క్ జేబులోకి పోతోందని ఆయన ఫిర్యాదు. తర్వాత 1980లో స్పానిష్ రేడియో యజమానుల సంఘం ఎఫ్‌సీసీకి వెళ్ళి అసలు ఈ స్టేషన్లు విదేశీ చేతుల్లో ఉన్నాయని చెప్పింది. పోటీ వ్యాపారుల ఫిర్యాదే, కాదనను. కానీ అందులో పస ఉంది. విచారణ సాగి సాగి 1986 జనవరిలో ఎఫ్‌సీసీ న్యాయమూర్తి జాన్ కాన్లిన్ తీర్పు చెప్పాడు. వాటాల శాతం ఎంతైనా నిజమైన పట్టు విదేశీయులదే, లైసెన్సులు పునరుద్ధరించేది లేదు అన్నాడు.

ఆ 20 శాతం కాపలాతో అస్కరాగ కుటుంబం పాతికేళ్ళు లాక్కొచ్చింది. తండ్రి 1972లో పోయాక కొడుకు అస్కరాగ మిల్మో, అందరూ ఎల్ తిగ్రె అంటే పులి అని పిలిచేవాళ్ళు, అదే దారిలో నడిపాడు. నన్నడిగితే తీర్పు న్యాయమే. కానీ ఆ మెక్సికో డబ్బు, ఆ మెక్సికో సీరియళ్ళు లేకపోతే 1960లలో అమెరికాలో ఇంకెవరూ ఈ స్టేషన్లను పాతికేళ్ళు మోసేవాళ్ళు కారు. కోర్టెజ్ ఒంటరిగా ఆరేళ్ళే మోయగలిగాడు.

స్టేషన్లను ఎవరు కొన్నారు?

గ్రీటింగ్ కార్డులు అచ్చువేసే హాల్‌మార్క్. నమ్మశక్యంగా లేకపోయినా నిజం. ఫస్ట్ చికాగో వెంచర్ క్యాపిటల్‌తో కలిసి 30.15 కోట్ల డాలర్లు పెట్టింది. లాటినో పెట్టుబడిదారుల బృందం కూడా పోటీపడింది, వాళ్ళకు దక్కలేదు. స్పానిష్ స్టేషన్లు స్పానిష్ రాని వాళ్ళ చేతికి పోయాయని చాలామంది బాధపడ్డారు. 1987 జనవరిలో నెట్‌వర్క్ పేరు యూనివిజన్‌గా మారింది. మరుసటి ఏడు హాల్‌మార్క్ నెట్‌వర్క్‌ను కూడా తీసుకుంది. 1992లో జెర్రీ పెరెంచియో అనే వ్యాపారికి 55 కోట్ల డాలర్లకు అంతా అమ్మేసింది. ఆయన వెంట వచ్చిన భాగస్వాముల్లో ఒకటి టెలివిసా, అంటే పాత అస్కరాగలే. ఈసారి శాతాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని లెక్కేసుకున్నారు.

తర్వాతి కాలంలో ఎఫ్‌సీసీయే ఆ గీతను సడలించింది. 2022 జనవరిలో టెలివిసా కార్యక్రమాల వ్యాపారం, యూనివిజన్ కలిసి టెలివిసాయూనివిజన్ అయ్యాయి. 1986లో లైసెన్సులు పోగొట్టిన సంబంధానికి ఇప్పుడు కంపెనీ పేరులోనే చోటు దొరికింది.

అప్పుడు అఫిలియేట్లు ఏమయ్యాయి?

సిన్ బోర్డు తీసి యూనివిజన్ బోర్డు పెట్టుకున్నాయి, అంతే. ఆ మర్నాడూ అదే ఊరి వార్తలు, అదే యాంకర్లు. శాన్ ఆంటోనియో 41, లాస్ ఏంజెలెస్ 34, న్యూయార్క్ 41, మయామీ 23, ఫ్రెస్నో 21, శాన్ ఫ్రాన్సిస్కో 14 ఇప్పటికీ యూనివిజన్ సొంత స్టేషన్లే. డిజిటల్ వచ్చాక అసలు ఫ్రీక్వెన్సీలు మారాయి, టీవీలో కనిపించే నంబరు మాత్రం మార్చలేదు. యాంటెన్నా పెడితే ఆ నంబర్లే వస్తాయి.

పూర్తిగా మూతపడ్డ స్పానిష్ నెట్‌వర్కులు లేవా?

ఉన్నాయి. 1984లో వచ్చిన నెట్‌స్పాన్ 1987లో టెలిముండోగా మారింది, దాన్ని మూతపడిందనలేం. అజ్తెకా అమెరికా మాత్రం నిజంగా మూతపడింది. మెక్సికోలో టెలివిసాకు పోటీగా ఉన్న టీవీ అజ్తెకా దాన్ని 2001లో లాస్ ఏంజెలెస్ కేఏజెడ్‌ఏ, ఛానల్ 54తో మొదలుపెట్టింది. 2017లో వేరే సంస్థకు అమ్మేసింది. 2022 డిసెంబర్ 31తో ప్రసారం ఆగిపోయింది. ఇంకొకటి ముండోఫాక్స్. ఫాక్స్ వాళ్ళూ కొలంబియాలోని ఆర్‌సీఎన్ వాళ్ళూ కలిసి 2012 ఆగస్టులో ఆర్భాటంగా పెట్టారు. 2015లో ఫాక్స్ తప్పుకుంది, పేరు ముండోమాక్స్ అయింది, 2016 నవంబర్ ఆఖరుకు తెర దించేశారు. అంత పెద్ద పేరున్నా అయిదేళ్ళు నిండలేదు.

ఈ రెంటి అఫిలియేట్లకూ ఎక్కువగా జరిగింది ఒకటే: ఇంకో ఒప్పందం. అజ్తెకా అమెరికా మొట్టమొదటి స్టేషన్ 54, నెట్‌వర్క్ మూతపడక ముందే, 2018లో చేతులు మారింది. ఇప్పుడు అందులో మీటీవీ పేరుతో పాత ఇంగ్లిష్ సీరియళ్ళు వస్తాయి. కొన్నది చికాగో వీగెల్ సంస్థ. పగలు సోయాబీన్ ధర, రాత్రి సిన్ సీరియల్ వేసిన 26 వాళ్ళే.

సిన్ అనే పేరు ఎవరికీ వింతగా అనిపించలేదా?

ఇంగ్లిష్‌లో చదివితే పాపం. స్పానిష్‌లో చదివితే "లేకుండా". రెండు భాషల మధ్య బతికే నెట్‌వర్క్‌కు రెండు భాషల్లోనూ కుదరని పేరు. అయినా పాతికేళ్ళు నడిచింది.

శాన్ ఆంటోనియోలో ఆ మొదటి స్టేషన్ భవనం చూడొచ్చా?

కేడబ్ల్యూఈఎక్స్ ఏళ్ళ తరబడి పనిచేసిన డురాంగో రోడ్డు భవనం ఇప్పుడు లేదు. దాన్ని కాపాడాలని ఊళ్ళో చాలామంది గొడవ చేశారు. 2013 నవంబరులో కూల్చేశారు. ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టారు. స్టేషన్ ఊళ్ళోనే వేరే చోటికి మారింది.